గట్టిగా కుట్టిన నేరానికి

ఆళ్ళగడ్డలోని హిమశిఖర ఇంటర్నేషనల్ టెక్నో స్కూలు యాజమాన్యం, తల్లిదండ్రుల ఆర్థిక క్షేమాన్ని దృష్టిలో పెట్టుకుని, ఈ విద్యా సంవత్సరం కూడా యూనిఫాం మార్చింది. పోయినేడాది చొక్కా మీద నీలం గీతలు అడ్డంగా ఉండేవి. ఈ ఏడాది అవే గీతలు నిలువుగా ఉంటాయి. అడ్డ గీతల్లో పిల్లలు పొట్టిగా కనిపిస్తున్నారనీ, నిలువు గీతల్లో పొడుగ్గా కనిపిస్తారనీ, పొడుగ్గా కనిపించేవాళ్ళకు పై చదువుల్లో అవకాశాలు ఎక్కువనీ కరపత్రంలో వివరంగా రాశారు. అక్క చొక్కా చెల్లెలికి తొడిగే దురలవాటు వల్ల పిల్లల్లో వ్యక్తిత్వ వికాసం కుంటుపడుతోందని కూడా అందులో ఉంది. ఆ కరపత్రం వెల పది రూపాయలు.

జూన్ నెలలో నలభై రెండు డిగ్రీల ఎండ కాసే ఊళ్ళో బడికి హిమశిఖరం అని పేరు పెట్టడం కరస్పాండెంట్ సుబ్బయ్యగారి దూరదృష్టికి నిదర్శనం. పిల్లలు జేబు మీది మంచుకొండ బొమ్మ చూసుకుంటారు, మనసు చల్లబడుతుంది, ఫ్యాన్ల కరెంటు మిగులుతుంది. సుబ్బయ్యగారు విద్యారంగంలో అడుగుపెట్టక ముందు ఇరవై ఏళ్ళు ఎరువుల అంగడి నడిపారు. యూరియా అడిగిన రైతు జింకు ప్యాకెట్టు, గుళికల డబ్బా కూడా కొంటే తప్ప ఆ అంగట్లో బస్తా కదిలేది కాదు. ఆ అనుభవాన్నంతా ఆయన సరస్వతీదేవి పాదాల దగ్గర పెట్టారు. సీటు అడిగినవాళ్ళు పుస్తకాలు, పుస్తకాలతో అట్టలు, అట్టలతో పేరు చీటీలు, చీటీలతో ప్రత్యేకమైన జిగురు బడి కౌంటరులోనే కొనాలి. బయటి నోటుపుస్తకంలో చేసిన లెక్కకు జవాబు సరిగ్గా వచ్చినా అక్కడ మార్కులు పడవు. అన్నీ ఒకేచోట కొనడం వల్ల నంద్యాలకు పోయి వచ్చే బస్సు చార్జీ ఎంత మిగులుతుందో కౌంటరు మీద పెద్ద బోర్డు కూడా ఉంది. ముగ్గురు పిల్లలకు సరుకంతా కొంటే నాలుగో బిడ్డకు టై ఉచితం. ఇద్దరితో సరిపెట్టుకున్నవాళ్ళు ఆ బోర్డు ముందు నిలబడి తమ తొందరపాటుకు చింతించేవారు.

ఈ బడిలో ఐదో తరగతి చదివే కరుణకు తల్లి రూతు. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, లంగాలు కుడుతుంది. భర్త రాజరత్నం ఆటో నడుపుతాడు. పొద్దున, సాయంత్రం హిమశిఖర పిల్లల్నే బడికి చేరవేస్తాడు. ఏటా ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల నుంచి ప్రవీణ్ అనే కాంట్రాక్టరు కత్తిరించిన బట్టల మూటలు తెచ్చి రూతు ఇంట్లో పడేస్తాడు. కుట్టి ఇస్తే చొక్కాకు ఇరవై ఎనిమిది రూపాయలు. ఈ వేసవిలో మూట విప్పగానే నిలువు గీతల బట్ట, జేబు మీద కుట్టాల్సిన మంచుకొండ బొమ్మలు బయటపడ్డాయి. తన కూతురి బడి చొక్కాలు ఆమె చేతికి రావడం అదే మొదటిసారి.

"అక్కా, ఒక్క వరస కుట్టు చాలు. గుండీకి రెండు చుట్లే తిప్పు," అన్నాడు ప్రవీణ్.

"ఊడిపోదా అప్పా?"

"ఊడాల్నే గదక్కా! దసరా దాటినా ఉంటే మల్లా జత ఎవురు కొంటారు? నువ్వు గట్టిగా కుట్టి మా పొట్ట కొట్టాకు."

రూతు చెప్పినట్టే కుట్టింది. ఎవరు కుట్టినవో లెక్క తెలియడానికి ఒక్కొక్క దర్జీకి ఒక్కొక్క రంగు దారం గుర్తు. రూతుది పసుపు. ప్రతి చొక్కా కాలరు లోపల ఆమె ఒక పసుపు ముడి వేసేది. బడి తెరిచే ముందు కౌంటరులో ధర చూసింది. జత పద్నాలుగు వందల యాభై. మరునాడు బస్సెక్కి నంద్యాల పోయి, బట్టల బజారులో అదే గుడ్డ మీటర్ల లెక్కన తెచ్చి, బస్సు చార్జీతో కలిపి నాలుగు వందల లోపల కరుణకు జత కుట్టేసింది. తన బిడ్డకు కాబట్టి రెండు వరసలు కుట్టింది. గుండీలకు ఆరేసి చుట్లు తిప్పింది. మంచుకొండను చేత్తో ఎంబ్రాయిడరీ చేసింది. అలవాటున కాలరు లోపల పసుపు ముడి కూడా వేసింది.

బడిలో యూనిఫాం నాణ్యతా పరిరక్షణ కమిటీ ఉంది. దానికి అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యులు అన్నీ డ్రిల్లు మాస్టరు సుందరరాజే. మొదటి రోజు ప్రార్థన ముగియగానే ఆయన వరసల మధ్య తిరుగుతూ పిల్లల గుండీలు పట్టి లాగాడు. నలుగురి గుండీలు చేతిలోకి వచ్చాయి. తృప్తిగా తల ఊపి ముందుకు పోయాడు. కరుణ దగ్గర ఆగి లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. పాప ముందుకు తూలింది గానీ గుండీ కదల్లేదు. చంక దగ్గర కుట్టు సాగదీసి చూశాడు. దారం తెగలేదు.

"ఇది మన చొక్కా కాదు," అని ప్రకటించాడు.

నకిలీ సరుకు అసలు సరుకులో కలవకుండా కరుణను వరండా చివర, ఎండలో, విడిగా నిలబెట్టారు. తల్లికి ఫోను పోయింది. రూతు మిషను మీద కుట్టు మధ్యలో వదిలేసి వచ్చింది. వచ్చేసరికి బిడ్డ మొహం కందిపోయి ఉంది. ఏడుస్తున్నట్టు కనపడకూడదని పాప పెదవి కొరుక్కుంటోంది. రూతు కొంగుతో ఆ మొహం తుడిచి, చెయ్యి పట్టుకుని నేరుగా ఆఫీసులోకి నడిచింది.

ఆఫీసు పక్కనే కౌంటరు. తల్లిదండ్రులు వరసలో నిలబడి ఉన్నారు. ముందు ఇంద్రజ ఉంది. దొర్నిపాడు దగ్గర నలభై ఎకరాల ఇంటి కోడలు, ఇద్దరు పిల్లలు ఇక్కడే. ఆమె వెనక దేవదానంగారు. ఆయన ఊళ్ళోని ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయులు, చర్చిలో పెద్ద. పొద్దున తన బడి పిల్లలకు సంచులు, బూట్లు, యూనిఫాం గుడ్డ ఉచితంగా పంచి, వాళ్ళకు పొదుపు గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, ఆ అలసటతోనే మనవరాలి సంచి కొనడానికి ఇక్కడ వరసలో నిలబడ్డారు.

"ఏందమ్మా, దొంగ చొక్కా వేసి పంపిస్తాండావంట?" అన్నారు సుబ్బయ్యగారు.

"దొంగది కాదు సార్. నేనే కుట్టినా."

"నువ్వు కుడితే అది దొంగదే గదా?"

"మీ కౌంటర్లో ఉండేవి గూడ నేనే కుట్టినా సార్."

సుబ్బయ్యగారు నవ్వారు. రూతు కౌంటరు దగ్గరకు పోయి, ఇంద్రజ చేతిలో అప్పుడే పెట్టిన చొక్కా అడిగి తీసుకుని కాలరు తిప్పింది. పసుపు ముడి. కరుణ కాలరు తిప్పింది. పసుపు ముడి. వరసలో ఉన్నవాళ్ళంతా తమ తమ చొక్కాల కాలర్లు తిప్పి చూసుకున్నారు. కొన్నింట్లో పసుపు, కొన్నింట్లో ఎరుపు.

"ఇరవై ఎనిమిది రూపాయిలిచ్చినారు నాకు," అంది రూతు, వరస వైపు తిరిగి. "ఈడ ఒక్క వరస కుట్టు. నా బిడ్డదానికి రెండు వరసలు. అంతే తేడా."

వేరొకరైతే ఈ దెబ్బకు తడబడేవారు. సుబ్బయ్యగారు ఇరవై ఏళ్ళు రైతుల మధ్య నిలిచి వ్యాపారం చేసినవారు. కల్తీ విత్తనం వల్ల కాపు రాలేదని పొలమంతా పెరికి తెచ్చి అంగడి ముందు పోసిన రైతుకు 'నీ భూమిలో తేమ లేదు' అని చెప్పి పంపినవారు. "చూసినారా!" అన్నారు వరసతో, గర్వంగా. "మన యూనిఫాం నైపుణ్యం గల మన స్థానిక మహిళల చేతనే కుట్టిస్తున్నాం. ఇది మన బడి సామాజిక సేవ. కానీ ఈమె ఏం చేసింది? బడి ప్రమాణం ఒక వరస. ఈమె రెండు వరసలు వేసింది. ప్రమాణాన్ని మీరింది." అందరి పిల్లలకూ సమానంగా ఊడాల్సిన గుండీలు ఒక్క బిడ్డకే ఊడకపోతే మిగతా పిల్లల్లో ఆత్మన్యూనత కలగదా అని అడిగారు. వరసలో ఒకరిద్దరు తల ఊపారు కూడా.

అయినా ఆ సాయంత్రం రూతు ఇంటికి మనుషులు రావడం మొదలుపెట్టారు. మొదట వచ్చింది దేవదానంగారు. "మా మనవరాలికొకటి కుట్టమ్మా, నీ రెండు వరసలదే. యాడా నా పేరు ఎత్తాకు," అన్నారు. ఆయన గుమ్మం దాటుతుంటే ఇంద్రజ స్కూటీ దిగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, జాకెట్టు కొలతల కోసం వచ్చామని చెప్పుకున్నారు. దేవదానంగారికి జాకెట్టు ఎందుకని ఇంద్రజ అడగలేదు. ఆమె మర్యాదస్తురాలు. మూడు రోజుల్లో నలభై మంది అడ్వాన్సు ఇచ్చిపోయారు. రాజరత్నం ఆటో తీసుకుని నంద్యాల పోయి రెండు తానుల గుడ్డ తెచ్చాడు. భార్యాభర్తలు ఇద్దరూ చాలా రోజుల తర్వాత కలిసి కూర్చుని నవ్వుకుంటూ అన్నం తిన్నారు.

"మనకు గూడ ఒక అంగడి పెట్టుకునే రోజు వస్తాదేమో," అన్నాడు రాజరత్నం.

ఈ సంగతి సుబ్బయ్యగారి చెవిన పడకుండా ఉంటుందా? ఆయన కోప్పడలేదు. శనివారం నాడు 'తల్లిదండ్రుల పొదుపు అవగాహన సదస్సు' ఏర్పాటు చేశారు. ప్రవేశం ఉచితం. 'పొదుపే పిల్లల భవిష్యత్తు' అనే పుస్తకం నూట యాభై రూపాయలు. కొనడం తల్లిదండ్రుల ఇష్టం, కొననివాళ్ళకు హాజరు పడదు. ముఖ్య అతిథి దేవదానంగారు. ఆయన అరగంట సేపు పొదుపు ఎంత మంచిదో, తాను చిన్నతనంలో ఒకే నిక్కరుతో మూడేళ్ళు ఎలా గడిపారో చెప్పి కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత సుబ్బయ్యగారు లేచారు. "కొందరు తల్లిదండ్రులు తక్కువ ధరకు యూనిఫాం కుట్టించుకుంటున్నారని తెలిసింది. నాకు చాలా సంతోషంగా ఉంది. పేదరికం నేరం కాదు," అన్నారు. సభలో కొందరు కుర్చీల్లో కదిలారు. "అందరి ఆర్థిక స్థితినీ గౌరవించడం మా బాధ్యత. అందుకే సోమవారం నుంచి రెండు సెక్షన్లు చేస్తున్నాం. కౌంటరు యూనిఫాం వేసుకున్న పిల్లలు శిఖరం సెక్షన్. బయట కుట్టించుకున్న పిల్లలు లోయ సెక్షన్. లోయ అంటే తక్కువని ఎవరూ అనుకోవద్దు. నదులన్నీ లోయల్లోనే పారతాయి. ప్రోగ్రెస్ కార్డు మీద సెక్షన్ పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. ధన్యవాదాలు. టీ తాగి వెళ్ళండి, ఇరవై రూపాయలు."

టీ దగ్గర ఎవరూ నిలబడలేదు. అందరూ కౌంటరు దగ్గరే ఉన్నారు. తోపులాటలో కౌంటరు తలుపు ఊడింది. రద్దీని అదుపు చేయడానికి జత ధర పదహారు వందలు చేశారు. తోపులాట ఇంకా పెరిగింది. ధర పెంచిన సరుకులో ఏదో విశేషం ఉంటుందని నమ్మేది ఆళ్ళగడ్డ ఒక్కటే ఏమీ కాదు.

ఆదివారం రూతు ఇంటికి ఒక్కొక్కరే మళ్ళీ వచ్చారు. అడ్వాన్సు తిరిగి అడుగుతారని రూతు డబ్బు సంచిలో వేసుకుని సిద్ధంగా కూర్చుంది. ఒక్కరూ అడగలేదు.

"ఆ దుడ్లు నువ్వే పెట్టుకో రూతూ," అంది ఇంద్రజ, గొంతు తగ్గించి. "ఈడికి వచ్చినానని మాత్రం యాడా అనాకు. మా అత్తకు తెలిస్తే, నలభై ఎకరాలు పెట్టుకుని లోయలో వేసినావా బిడ్డల్ని అంటాది."

"చొక్కాలు కత్తరించినా గదక్కా?"

"కుట్టు. వెనక తలుపు తట్టి ఇచ్చిపో."

రూతు మాట తప్పే మనిషి కాదు. నలభై చొక్కాలూ కుట్టి, నలభై వెనక తలుపులు తట్టి ఇచ్చివచ్చింది. పిల్లలు ఇంట్లో ఆడుకోవడానికి అవి బాగా పనికివచ్చాయి. బడికి ఊడే చొక్కా, దుమ్ములో పొర్లడానికి ఊడని చొక్కా. డబ్బు మిగుల్చుకుందామని మొదలుపెట్టిన నలభై కుటుంబాలూ ఆ విధంగా రెండేసి జతలకు డబ్బు పెట్టి, మిగుల్చుకోవాలని చూసిన సంగతి బయటపడనందుకు ఊపిరి పీల్చుకున్నాయి.

నంద్యాల నుంచి ప్రవీణ్ ఫోను చేశాడు. "అక్కా, ఇంక నీకు మూటలు రావు. పసుపు దారం కనపడితే వాపసు పంపిస్తామన్యారు బడోల్లు. నేనేం చేసేదక్కా, నాకూ పిల్లోల్లుండారు." రూతు అతన్ని తిట్టలేదు. ఫోను పెట్టేసి, సగంలో ఉన్న జాకెట్టు మళ్ళీ మిషను మీదికి లాక్కుంది. రెండు నెలల కూలితో ఏడాది ఫీజు సగం కట్టేది. ఇంక అది లేదు.

ఐదో తరగతి లోయ సెక్షన్‌లో కరుణ, కౌంటరు జత కొనలేని ఇళ్ళ పిల్లలు పదిమంది, మొత్తం పదకొండు మంది మిగిలారు. వెనక రేకుల షెడ్డులో వాళ్ళ తరగతి. రాజరత్నం వారం రోజులు సరిగా అన్నం తినలేదు. "నా ఆటోలో కూచునే పిల్లోల్లంతా శిఖరం. నా బిడ్డ దిగి ఎనక్కి పోతాంటే వాళ్ళు చూసి నవ్వుతాండారు. అప్పు చేసైనా ఆ గుడ్డ కొందాం రూతూ," అన్నాడొక సాయంత్రం.

రూతు కూతుర్ని పిలిచింది. "ఆడ ఎట్లుంది మా నీకు?"

"అదే సారు, అదే పాఠం చెప్తాండాడు మా. శిఖరంలో చెప్పేసి మల్లా మా దగ్గరికి వచ్చి అదే చెప్తాడు. ఈడ ఎండ ఎక్కువ, అంతే."

"నీకు ఆ చొక్కా కావాల్నా?"

కరుణ తల అడ్డంగా ఊపింది. "వద్దు. గుండీ ఊడితే పది రూపాయిలు ఫైను వేస్తాండారు," అంది. తన చొక్కా గుండీ పట్టుకుని, "కానీ సుందరరాజు సారు రోజూ వచ్చి నా గుండీ లాగుతాండాడు. నాకు భయమైతాంది," అంది.

రాజరత్నం తల దించుకున్నాడు. అప్పు మాట మళ్ళీ ఎత్తలేదు. మరునాడు రూతు టి.సి. అడగడానికి పోయింది. టి.సి. ఉచితమే గానీ, దానితోపాటు 'వీడ్కోలు కిట్' తీసుకోవాలి. అందులో మంచుకొండ బొమ్మ ఉన్న పెన్ను, పూర్వ విద్యార్థుల టై ఉన్నాయి. రూతు అవి కొని, టి.సి. తీసుకుని, కూతురితో నేరుగా ప్రభుత్వ పాఠశాలకు నడిచింది.

దేవదానంగారు ఆమెను చూసి కుర్చీలోంచి లేచారు. విషయం విని తలుపు దగ్గరగా వేశారు.

"ఏందమ్మా ఇది? బుద్ధుండే చేస్తాండావా? ఆడబిడ్డ బతుకు పాడు చేస్తావా?"

"ఏమైంది సార్? ఈడ పాఠాలు చెప్పరా?"

"చెప్తాం. ఎందుకు చెప్పం? మా టీచర్లంతా పరీక్షలు రాసి వచ్చినోల్లు. ఆ బడిలో మాదిరి ఇంటరు ఫెయిలైనోల్లు కాదు."

"మరింకేం సార్?"

"అది కాదమ్మా. ఎంతైనా ఇది సర్కారు బడి. ఈడ ఏముందని?"

"మీరుండారు గదా సార్," అంది రూతు. ఎగతాళికి కాదు. నిజంగానే అంది.

దేవదానంగారు చాలాసేపు దగ్గి, మంచినీళ్ళు తాగి, అడ్మిషన్ల రిజిస్టరు తెరిచారు. పుస్తకాలు, బూట్లు, సంచి, యూనిఫాం గుడ్డ ఇచ్చారు. డబ్బేమీ తీసుకోలేదు. రూతు ఆ గుడ్డను రెండు వరసలతో కుట్టింది. కరుణ ఇంటి నుంచి నడిచే పోయి వచ్చేది. తరగతి గదిలో రెండు ఫ్యాన్లు తిరిగేవి. నెల రోజుల్లో పాప ఇంట్లో లెక్కల టీచరమ్మ గురించి కథలు కథలుగా చెప్పడం మొదలుపెట్టింది. రూతు మళ్ళీ జాకెట్లు కుట్టుకుంటూ, ఏళ్ళ తర్వాత మొదటిసారి ఫీజు కోసం ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు.

ఆళ్ళగడ్డలో అప్పు చేసి ఫీజు కట్టినవాణ్ణి స్థితిమంతుడంటారు. అప్పు లేకుండా నిద్రపోయేవాణ్ణి చూస్తే ఏదో కష్టంలో ఉన్నాడని అనుమానిస్తారు. రూతు బిడ్డను సర్కారు బడిలో వేసిందన్న వార్త వాడలో గుప్పుమంది. రాజరత్నానికి జబ్బు చేసిందని కొందరు, ఆటో ఫైనాన్సువాళ్ళు పట్టుకుపోతున్నారని కొందరు నిర్ధారించారు. ఇంద్రజ ఒక రోజు స్కూటీ ఆపి, "ఏదన్నా కష్టముంటే చెప్పాల్సింది గదా, ఇంతకి తెచ్చుకున్యావ్?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని, పాత చీర ఒకటి ఇచ్చిపోయింది.

ఆగస్టులో ఒక ఆదివారం ఆరాధన ముగిసే ముందు పాస్టరుగారు గొంతు వణికిస్తూ ప్రార్థన ఎత్తుకున్నారు. "ప్రభువా, రోగుల్ని, అనాథల్ని, దిక్కులేనివాళ్ళని జ్ఞాపకం చేసుకో. ముఖ్యంగా మా సహోదరి రూతమ్మ కుటుంబాన్ని జ్ఞాపకం చేసుకో తండ్రీ. కన్నబిడ్డను సర్కారు బడికి పంపాల్సినంత దుఃఖంలో వాళ్ళున్నారు. ఆ చెరలో నుంచి ఆ చిన్నబిడ్డను విడిపించు తండ్రీ."

రాజరత్నం మెడ ఎర్రబడింది. కరుణ కళ్ళు తెరిచి తల్లి కొంగు లాగింది.

"మా, మనకేమైంది?"

"ఏం కాలేదు. కండ్లు మూసుకో."

పాస్టరుగారు ముగించారు. సంఘమంతా ఒక్క గొంతుతో 'ఆమెన్' అంది. అందరికన్నా గట్టిగా, మనసారా, ఆఖరున అన్నది మాత్రం ముందు వరసలో నిలబడి ఉన్న ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయులు దేవదానంగారు.